మరియమ్మ పది గింజలు

1961లో నేను తాండూరు బ్లాకు ఆఫీసులో వ్యవసాయ విభాగం గుమాస్తాను. ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున పాసింజరు ఎక్కి తాండూరులో దిగేవాణ్ణి, సాయంత్రం మళ్ళీ పాసింజరులోనే ఇల్లు చేరేవాణ్ణి. ఆ ఆఫీసు నేలంతా నాపరాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు చెప్పులు విడిచి, ఆ చల్లటి బండ మీద పాదాలు ఆనించి ఫైళ్ళు చూసుకునేవాణ్ణి. ఉద్యోగంలో అంత సుఖం నాకు మళ్ళీ దొరకలేదు.

ఆ ఏడాదే నన్ను హైదరాబాద్‌కు నెల రోజుల శిక్షణకు పంపారు. అక్కడ నేర్పిన వాటిలో నా మనసు దోచింది వెయిటేజీ పట్టీ. కొనదలచిన సరుకు మూడు నాలుగు రకాలుంటే, ధర, మన్నిక లాంటి ప్రతి గుణానికీ ఒక్కో రకానికి పదికి ఇన్నని మార్కులు వేయాలి. గుణాలన్నీ సమానం కావు కదా, అందుకని ముఖ్యమైనదానికి ఎక్కువ బరువు, కానిదానికి తక్కువ బరువు కట్టాలి. ఆ బరువే వెయిటేజీ. మార్కును బరువుతో హెచ్చించి అన్నీ కూడితే, ఎక్కువ మొత్తం వచ్చిన రకం కొనాలి. వాదులాట ఉండదు, మొహమాటం ఉండదు. తిరిగొచ్చాక ఉత్సాహం పట్టలేక ఇంట్లో కూరగాయలకు కూడా పట్టీ గీశాను. మా ఆవిడ ఆ కాగితంతో పొయ్యి అంటించింది.

సరిగ్గా అప్పుడే పెద్దేముల్ వైపు ఒక ఊళ్ళో ముగ్గురి ఉమ్మడి బావికి ఆయిల్ ఇంజన్ మంజూరైంది. అప్పటిదాకా వాళ్ళది మోట బావి. ఎడ్లను కట్టి, తోలు బొక్కెనతో నీళ్ళు తోడుకుని, వంతుల ప్రకారం పారించుకునేవారు. ముగ్గురిలో పెద్ద రైతు అనంతరెడ్డి. రెండోవాడు సాయన్న, యాభై దాటిన మనిషి. మూడోది మరియమ్మ. ఆమె భర్త అనంతరెడ్డి పొలమే ఏళ్ళ తరబడి కౌలుకు చేసి, కౌలుదారు చట్టం కింద రెండెకరాలు సొంతం చేసుకున్నాడు. పట్టా చేతికొచ్చిన మరుసటేడే పోయాడు. అప్పటినుంచి సేద్యమంతా ఆమెదే. తన వంతు రోజున తనే మోట తోలుకునేది.

డీలర్లు మూడు ఇంజన్లు మా ఆఫీసు ఆవరణలో దింపారు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి బూడిద రంగు. నేను ముందే పట్టీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. ధరకు నాలుగు, నూనె ఖర్చుకు మూడు, పారే నీళ్ళకు మూడు బరువులు. ఆకుపచ్చది తేలిగ్గా గెలిచింది. ఎర్రది రెండో స్థానం. బూడిదది చిన్నది, ధర ఎక్కువ, నీళ్ళు తక్కువ, అందుకని అన్నిటికీ అడుగున పడింది. రైతులు ముగ్గురూ వచ్చాక నేను గొంతు సవరించుకుని, పరీక్ష ఫలితాలు చదివినట్టు చదివి వినిపించాను. అనంతరెడ్డి తలాడించాడు, సాయన్న తలాడించాడు. నేను వేలిముద్రల కోసం సిరా పెట్టె తెరిచాను. మరియమ్మ ముందుకు రాలేదు.

"సారూ, గీ ఇంజన్ ఎవరు తిప్పి చాలు చేస్తరు?" అని అడిగింది.

వంతు ఎవరిదైతే వాళ్ళే అన్నాను. ఆమె పచ్చ ఇంజన్ దగ్గరికి వెళ్ళి, కొంగు బిగించి హ్యాండిల్ పట్టుకుంది. ఆ రోజుల్లో బటన్లు లేవు. బరువైన చక్రాన్ని చేత్తో తిప్పి తిప్పి వేగం అందుకునేలా చేస్తేనే ఇంజన్ అంటుకునేది. చక్రం సగం తిరిగి ఆగిపోయింది. రెండోసారి హ్యాండిల్ ఎదురుతన్నింది. ఆమె మణికట్టు పట్టుకుని పక్కకు జరిగింది. డీలరు మనిషి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆ సంగతి ఇవాళ ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"నీకెందుకు ఫికర్ మరియమ్మా, మా జీతగాడు వచ్చి తిప్పుతడు," అన్నాడు అనంతరెడ్డి. మంచిమాటగానే అన్నాడు.

"మీవోడు మంచోడే పటేలా. గానీ నా వంతు నాడు మీ వాకిట్ల నిలబడి, జర పంపుమని అడగాల్నా? గా నిలబడుడు ఒడవాలెననే గద మా ఆయన భూమి జేసుకున్నది."

నా పట్టీలో చాలు చేయడానికి, అంటే ఇంజన్ అంటించడానికి, గడే లేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చుని, బావి దగ్గర ఎవరి చేతులుంటాయో చూడకుండా బరువులు కట్టాను. అప్పుడు సాయన్న మూటలో కందులు కనిపించాయి, బజారుకు తెచ్చుకున్నవి. గుప్పెడు అడిగి తీసుకుని, ముగ్గురికీ పదేసి గింజలు పంచాను. బండ మీద సుద్దముక్కతో నాలుగు గడులు గీసి, ధర, నూనె, నీళ్ళు, చాలు చేయడం అని చెప్పి, ఎవరికేది ముఖ్యమో అందులో అన్ని గింజలు వేయమన్నాను.

అనంతరెడ్డి మొదటి మూడింటికీ పంచాడు. సాయన్నా అంతే, ధరకు కాస్త ఎక్కువ. మరియమ్మ తన పదీ నాలుగో గడిలో పోసింది. తర్వాత తన పక్కనున్న బూడిద ఇంజన్‌ను చూపించి, తిప్పి చూడనా అని అడిగింది. రెండో తిప్పుకే అది దడదడమంది. ఎర్రది మాత్రం పచ్చదానిలాగే మొరాయించింది.

చాలు చేయడానికి మూడింటికీ మార్కులు వేసి, కొత్త బరువులతో మళ్ళీ హెచ్చించాను. పచ్చదే గెలిచింది. తేడా పది మార్కులు. ఆమెకు ఆ మాట చెప్పడానికి నోరు రాక, కూడిక సరిచూస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసి గ్రహించి, మెల్లగా చెంగు దులుపుకుంది.

అప్పుడు సాయన్న వంగి, ధర గడిలోంచి తన గింజలు మూడు తీసి నాలుగో గడిలో పెట్టాడు.

"నాకు గూడ తిరగది సారూ. నిరుడు బండి మీదికెళ్ళి పడ్డసంది జబ్బ లేస్తలేదు. గింతమందిల చెప్పనీకి సిగ్గయ్యింది," అన్నాడు నేలకేసి చూస్తూ.

మళ్ళీ కూడాను. బూడిద ఇంజన్ పైకొచ్చింది. అనంతరెడ్డి ముఖం ముడుచుకున్నాడు. నీళ్ళు తక్కువ పారతాయని గొణిగాడు, అది నిజం కూడా. కాసేపటికి మాత్రం, ముగ్గురి బావికి ముగ్గురూ తిప్పగలిగేదే ఉండాలి అని సంతకం చేశాడు. ఆ ఎండాకాలమంతా నీళ్ళ గురించి నన్ను సాధిస్తూనే ఉన్నాడు.

ఇంజన్ బిగించాక, మరియమ్మ మొదటి వంతు నాడు నేనూ వెళ్ళాను. ఆమె ఎవరినీ పిలవలేదు. తనే తిప్పింది, తనే కాలువ మళ్ళించింది. మిరప మడిలో నీళ్ళు పాకుతుంటే ఒడ్డున నిలబడి చూస్తోంది. నా లెక్క తప్పిందమ్మా అన్నాను.

"లెక్క తప్పలే సారూ. మమ్ముల అడగకుంట బరువులు కట్టిన్రు, గంతే."

నా ఉద్యోగ జీవితంలో నన్ను అంత మర్యాదగా తిట్టినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఏ పట్టీ గీసినా, బరువుల గడులు ఖాళీగానే ఉంచుకుని ఊళ్ళకు బయలుదేరేవాణ్ణి.