పాస్‌వర్డ్ ఎవరు మార్చారు

జహీరాబాద్ బజారులో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. చుట్టుపక్కల దవాఖానల ల్యాబ్ రిపోర్టులను ఫోన్‌లో చూపించే ప్రోగ్రామ్‌ను మేం నడిపేవాళ్లం. మేమంటే నేనూ, న్యాల్‌కల్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే ఒక అమ్మాయీ. నాకంటే ఆరేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది.

ఆమె చేరిన మూడో నెలలో ఒక ఉదయం రిపోర్టులు తెరుచుకోవడం మానేశాయి. చూస్తే, డేటాబేస్‌లోకి వెళ్లడానికి ప్రోగ్రామ్ వాడే పాస్‌వర్డ్ మారిపోయి ఉంది. విడిగా దాచుకున్న పాతది పెట్టి సరిచేశాను. రెండు వారాలకు మళ్లీ అదే. మూడోసారీ అదే. మూడుసార్లూ కొద్ది నిమిషాల ముందు ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌ను సర్వర్‌లోకి ఎక్కించింది ఆమే. నేను ఎక్కించిన రోజుల్లో ఒక్కసారి కూడా ఇలా కాలేదు.

"పాస్‌వర్డ్ ఏమన్న మార్చినవా?" అని అడిగాను.

"లేదక్కా. దాని జోలికే పోలే నేను."

ఆ జవాబు మరీ తొందరగా వచ్చిందనిపించింది. ఇక ఆమె ఏం చేసినా నాకు తేడాగానే కనబడేది. ఫోన్ వస్తే మెట్ల మీదికి పోయి కన్నడంలో మాట్లాడేది. ఎందుకు బయటికి పోవాలి? నేను దగ్గరికి వెళ్తే నోట్‌బుక్ మూసేది. బీదర్‌లో ఎక్కడో ఉద్యోగం కుదుర్చుకుని, పోయేముందు మా పేరు చెడగొడుతోందేమో అనుకున్నాను. ఒకరోజు ఆమె భోజనానికి లేచినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచాను కూడా. వెర్షన్ ఎక్కించే పద్ధతి వరుసగా రాసి ఉంది, అంతే. అయినా మనసు కుదుటపడలేదు. ఆమెకు చెప్పకుండానే సర్వర్ అనుమతి తీసేశాను.

మర్నాడు లాగిన్ కాలేక నా వైపు తిరిగింది. "అక్కా, నన్ను బంద్ జేసినవా?"

"కొన్ని రోజులు నేనే చూసుకుంట."

ఆమె తన తెర వైపు తిరిగి వేరే పని అందుకుంది.

ఆ వారం వెర్షన్ నేనే ఎక్కించాను. ఆమె ఎక్కడ ఏం చేస్తోందో పట్టుకోవాలని, నోట్‌బుక్‌లో చూసిన పద్ధతే పాటించాను. సర్వర్‌లో మా ప్రోగ్రామ్‌ను ఎలా నడపాలో చెప్పే టెంప్లేట్ ఒకటి ఉంటుంది. ఎక్కించేటప్పుడు అందులోని ఖాళీలు నిండుతాయి. నేనైతే దాన్ని నేరుగా సర్వర్‌కు పంపేదాన్ని. ఆమె ముందు తన కంప్యూటర్‌లోనే ఖాళీలు నింపి, తయారైన ఫైలు చదివి చూసుకుని, అప్పుడు పంపేది. నేనూ అలాగే చేశాను. పది నిమిషాలకు దవాఖాన నుంచి ఫోన్.

"మేడం, రిపోర్టులు మళ్ల వస్తలేవు."

టెంప్లేట్ తెరిచి పాస్‌వర్డ్ ఉన్న చోట చూశాను. సర్వర్‌లో ఇదివరకే పాస్‌వర్డ్ ఉందేమో వెతికి, ఉంటే అదే వాడమని, లేకపోతే కొత్తది తయారుచేయమని చెప్పే రెండు లైన్లు. నేరుగా పంపితే అవి సర్వర్‌ను అడిగి పాతదే తెచ్చుకునేవి. సొంత కంప్యూటర్‌లో నింపితే అసలు సర్వర్‌ను అడగడమే ఉండదు. ఏమీ దొరకదు కనుక ప్రతిసారీ కొత్త పాస్‌వర్డ్. డేటాబేస్ మాత్రం పాతదాన్నే గుర్తుపట్టేది. ఆమె జాగ్రత్తే ఆమె మీదికి వచ్చింది. ఆ రెండు లైన్లు రాసింది నేను, ఆమె చేరకముందు.

అప్పుడే ఆమె కుర్చీ దగ్గరికి వెళ్లాను. "తప్పు నాదే. నీ మీద అనుమానపడ్డ."

"ఎరికే అక్కా. నా నోట్‌బుక్ జూసినవని గూడ ఎరికే. పేజీల నడుమ పెన్ను పెట్టి పోయిన, వచ్చెవరకు బయట ఉండె."

"మరి అడగలేదేంది?"

"అడిగితే ఇంకింత అనుమానపడుదువు."

పాస్‌వర్డ్‌ను టెంప్లేట్‌లోంచి తీసి, ఒకసారి పెడితే మారకుండా వేరే చోట ఉంచాం. ఆమె అనుమతి ఆ మధ్యాహ్నమే తిరిగి ఇచ్చాను. కానీ ఆ తర్వాత వెర్షన్ ఎక్కించిన ప్రతిసారీ, "అక్కా, జర వచ్చి చూడు" అని పిలిచి, నేను పక్కన నిలబడ్డాకే పంపేది. అవసరం లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.