కార్బురేటరు కింద వేడినీళ్లు

రెండేళ్ల కిందట డిసెంబరు. ఏలూరులో మా షెడ్డుకి ఏసురత్నంగారి లారీ, పెట్రోలుతో నడిచే పాతది, ఆ వారంలో మూడోసారి వచ్చింది. వాళ్ల నాన్నగారు మిలటరీ వేలంలో కొన్న బండి. నాకంటే వయసులో పెద్దది గనక దాన్ని మీరు అనే పిలుస్తాను.

రోగం ఒక్కటే. తెల్లారగట్ల కొల్లేటి గట్టు మీద చేపలెక్కించుకుని కైకలూరు బయలుదేరితే, పది నిమిషాలు నడిచి, దగ్గి, ఆగిపోతుంది. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. నా దగ్గరికొచ్చేసరికి ఎండెక్కుతుంది, ఇంజిను పెళ్లికొడుకులా కళకళలాడుతుంది. ప్లగ్గులు మార్చాను. పెట్రోలు పంపు మార్చాను.

“ఇంకొక్కసారి ఆగితే పాత ఇనుముకిచ్చేద్దామంటోందండీ మా అమ్మాయి,” అన్నారు ఏసురత్నంగారు. వ్యాపారం ఇప్పుడు ఆ అమ్మాయి గ్రేసు చూసుకుంటోంది. “దాని తప్పూ లేదులెండి. చేపలు మెత్తబడితే మా నాన్న పేరు చెప్పినా ఎవరూ కొనరు.”

“రేపు నేనూ వస్తానండీ. రోగం గట్టు మీదుంటే డాక్టరు షెడ్డులో కూర్చుని ఏం చేస్తాడు?”

మర్నాడు గట్టంతా పొగమంచు. ఏసురత్నంగారు స్టీరింగు దగ్గర, మధ్యలో గ్రేసు, ఈ చివర నేను. బండి దగ్గింది, ఆగింది.

గ్రేసు ఫోను చూసుకుంది. “పదకొండు నిమిషాలు, బాబాయిగారండీ. నిన్నటికంటే ఒకటి నయం.”

బానెట్ ఎత్తాను. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటరు కింద ఇంటేక్ మానిఫోల్డ్ ఉంటుంది. పెట్రోలు కలిసిన గాలిని సిలిండర్లకి పంచే గొట్టం అది. చెయ్యి పెడితే జిల్లుమంది. పైన మూత తీస్తే కార్బురేటరు గొంతులో తెల్లగా ఐసు.

“ఐసు వెనక ట్రేల్లో కదండీ ఉండాలి?” అంది గ్రేసు.

నేను ఏడో తరగతితో ఆపేశాను గనక దీని శాస్త్రం పేరు చెప్పలేను. పెట్రోలు చేతిమీద పడితే చల్లబడుతుంది కదా, తడిగాలిలో అదే జరిగి లోపల ఐసు పేరుకుంటుంది, గొంతు మూసుకుపోతుంది. ఆగిన ఇంజిను వేడికి అది కరిగిపోతుంది. బండి తయారుచేసినవాడికి ఇది తెలుసు. అందుకే ఇంజినులో కాగిన నీళ్లు, అంటే కూలెంట్, మానిఫోల్డ్ చుట్టూ తిరిగేలా రెండు హోసులు పెట్టాడు.

ఆ హోసులు లేవు. వాటి మూతులకి సైకిలు ట్యూబు చుట్టి, రాగితీగతో మూడు మెలికలు వేసి, కొస లోపలికి మడిచి ఉంది. ఆ మెలిక ఎవరిదో నాకు తెలుసు.

ఆ ఏడే, మండు వేసవిలో ఆ హోసు కారుతుంటే పీకేసింది నేనే. “రోహిణి కార్తెలో ఎవరైనా వేడినీళ్లు పోసుకుంటారాండీ?” అని జోకు కూడా వేశాను. పనిలోపనిగా థర్మోస్టాట్ కూడా తీసేశాను. నీళ్లు కాగేదాకా రేడియేటరుకి పోనివ్వని వాల్వు అది. ఇంజిను చల్లగా ఉంటుందని మా వైపు మెకానిక్కులు బండి చేతికి రాగానే ముందు పీకేది దాన్నే.

తండ్రీ కూతుళ్లిద్దరూ నా మొహమే చూస్తున్నారు. ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిలు పోయిందంటే నమ్మేసేవారు. బండి తుక్కులోకి పోయేది, దాంతోపాటు నా మెలికా పోయేది.

“ఇది నా చేతిపనేనండీ,” అన్నాను.

గ్రేసు అడిగింది: “మరి మొన్న మార్చిన పంపు?”

“అది బాగానే ఉండేదమ్మా. ప్లగ్గులూ బాగానే ఉండేవి. బాగోనిది మెకానిక్కే.”

“పాత ఇనుముకిచ్చే ముందు ఈ ఒక్కరోజు చూస్తాను,” అంది.

ఆ మధ్యాహ్నమే కొత్త థర్మోస్టాట్, కొత్త హోసులు వేశాను. కంగారులో రెండు హోసుల కొసలూ, కూలెంట్ తిప్పే నీళ్లపంపు లాగే వైపే తగిలించాను. హోసు చల్లగానే ఉంది. ఒకవైపు నెట్టాలి, ఒకవైపు లాగాలి, అప్పుడే నీళ్లు కదులుతాయి. ఒక కొస నీళ్లు నెట్టే వైపుకి, అంటే ఇంజిను హెడ్డుకి, మార్చాక రెండు హోసులూ వేడెక్కాయి. గ్రేసు చేత కూడా పట్టించి చూపించాను.

మర్నాడు పొద్దున్నే గ్రేసు ఫోను చేసింది.

“కైకలూరొచ్చేశామండీ.”

“బండి?”

“టీ తాగుదామంటే నాన్నగారు ఇంజిను ఆపనివ్వట్లేదండీ!”

ఆ సైకిలు ట్యూబు ముక్క ఇప్పుడు మా షెడ్డులో మేకుకి వేలాడుతోంది. ఎండల్లో ఎవరైనా వచ్చి థర్మోస్టాట్ పీకేయమంటే, దాన్ని చూపించి, డిసెంబర్లో రండి, అప్పుడు మాట్లాడుకుందాం అంటున్నాను. ఇంతవరకూ డిసెంబర్లో ఎవరూ రాలేదు.