పడవ పందేల రేవు

ఈ పొద్దున ఎవరింటి పెరట్లోనో తుమ్మబెరడు ఉడుకుతున్న వాసన రాగానే నా ప్రాణం ధవళేశ్వరం రేవుకి పోయింది. మా చిన్నతనంలో వరదకు ముందు మా పల్లెకారుల గుడిసెలన్నిటి ముందూ బెరడు కాగులు కాగేవి. నూలు వలలు కుళ్లకుండా అందులో ముంచి, ఎర్రబడ్డాక రేవు ఇసకలో కర్రలు పాతి ఆరవేస్తే, మేము వాటి కింద దూరి దాగుడుమూతలాడి, పరికిణీల నిండా మరకలతో ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్లం. వరద ఎర్రనీరు రాగానే పులస చేప సముద్రంలోంచి ఎదురెక్కేది. ఆ కొద్దివారాల వేటే మాకు ఏడాది తిండి.

ఒక ఏడు తెల్లదొరలు గోదావరి మీద పడవ పందేలు పెట్టారు. నీళ్లు నిండుగా ఉండాలని సరిగ్గా ఆ రోజులే ఎంచుకున్నారు. దొరల కచేరీ గుమాస్తా మా గుమ్మంలోకొచ్చి, "పదిహేను రోజులు వలలు తీయించు, పెద్దా. పదిమందీ వస్తే ఊరు బాగుపడుద్ది" అన్నాడు. కులపెద్ద మా అయ్యే. ఆయన ముందు వల వేస్తేనే మిగతావాళ్లు వేస్తారు, ఆయన తీస్తే అందరూ తీస్తారు. అది మా కట్టుబాటు.

అమ్మ ఉండబట్టలేక, "పందెం అయ్యేదాకా పులస ఆగుద్దేంటయ్యా?" అంది.

"ఊరికి మంచిదంటన్నారే," అన్నాడు అయ్య, కచేరీ మనిషి తన గుమ్మం తొక్కాడన్న మురిపెంతో.

అయ్య వల తీశాడు. అందరూ తీశారు. బ్యాండు మోగింది, పిల్లలకి తలా ఒక బెల్లం జీడి పెట్టారు, నేను సిగ్గులేకుండా రెండోది కూడా అడిగాను. పులస ఆ రోజుల్లోనే ఎగువకి పోయింది. వచ్చిన దొరలు వంటవాళ్లనే కాదు, తిండి సామాను కూడా వెంట తెచ్చుకున్నారు. పందేలు అయ్యాక రేవులో దొరలు కూర్చోడానికి కట్టిన మండపం అలాగే ఉండిపోయింది, దాని చుట్టూ కంచె వేశారు. మా వలలు ఆరే ఇసక కంచె లోపల పడింది. ఆ ఏడు మేము గంజి తాగి బతికాం. ఊరు బాగుపడిందన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి వరదకి అయ్య ఎప్పటిలాగే ముందుగా పడవ తీసి, వల విసిరి వెనక్కి చూశాడు. గట్టున ఒక్కరూ కదల్లేదు. వేరొకాయన వల వేశాక అందరి పడవలూ కదిలాయి. అయ్య తన వల లాక్కుని ఇంటికొచ్చి దూలానికి కట్టేశాడు, మళ్లీ దింపలేదు.

మండపం కప్పు ఎప్పుడో కూలింది, పందేలు మళ్లీ జరగనే లేదు. కంచె మాత్రం ఉంది. అయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన వల నా దగ్గరే ఉంది, ఇంకా ఎర్రగానే ఉంది.