తోలు బెల్టు

అమెరికా చూడ్డానికి వెళ్లినప్పుడు, ఫ్రిస్కోలో మిత్రుడి ఇంట సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే పక్కింటి మూర్తిగారు నా నడుము వైపు చూశారు.

"బెల్ట్ లెదరాండీ? తీసేయండి. పూజలో ఉండకూడదు."

సిగ్గుపడుతూ తీసేశాను.

కథ అయ్యాక, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మరో చేత్తో ప్రసాదం అందుకున్నాను. నా ముందు మూర్తిగారు దేవుడికి దండం పెడుతూ వంగారు. వదులు చొక్కా పైకి లేచింది. నడుముకి జానెడు పొడవు తుపాకి. నా చేతిలో ప్రసాదం కింద పడిపోయింది.

ఆయన చూసి, "భయపడకండి. ఇక్కడ క్యారీ చేయడం లీగలే. గ్రోసరీకి వెళ్లినా ఉంటుంది," అన్నారు.

"పూజలో కూడానా?" అడిగాను.

ఆయన చొక్కా సర్దుకున్నారు.

"తప్పేం లేదండీ. బెల్ట్ నైలాన్, గన్ కవర్ ప్లాస్టిక్. ఎక్కడా లెదర్ లేదు."