కిటికీ పక్కన మీట

మా అత్తవారింటికి రేడియో వచ్చిన రోజున అత్తగారు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చారు. ఏడాది కిందట కోడలిగా వచ్చిన నాకు కూడా అంత మర్యాద జరగలేదు. బరంపురం బడా బజార్లో మాది పట్టుబట్టల కొట్టు, దాని వెనక సందులో ఇల్లు. అప్పటికి మేమింకా మద్రాసు రాజధాని కిందే ఉన్నాం గానీ, ఆ పెట్టెలో వినిపించేది మాత్రం కలకత్తా.

ఆ రోజుల్లో రేడియో అంటే ఒక్క బొత్తాం నొక్కితే పాడేది కాదు. మా ఇంట్లో కరెంటు లేదు. బల్ల కింద రెండు బ్యాటరీలు, ఒకటి పొడిది, ఒకటి యాసిడ్‌ది. డాబా మీద వెదురు గడలకు కట్టిన ఏరియల్ తీగ కిటికీలోంచి ముందు గదిలోకి దిగేది. కిటికీ పక్కన గోడకు ఒక ఇత్తడి మీట. పైకెత్తితే తీగ పెట్టెకు కలుస్తుంది, దించితే నేలలో పాతిన ఇనుప కడ్డీకి కలుస్తుంది. కటకం నుంచి వచ్చిన ఫిట్టరు ఒడియాలో వరస చెప్పి వెళ్లాడు. పెట్టేటప్పుడు ముందు మీట ఎత్తాలి, తర్వాత బ్యాటరీ తీగలు తగిలించాలి, ఆఖర్న పెట్టె మీది బొత్తాం తిప్పాలి. ఆపేటప్పుడు ఆఖరి పని ముందు. మబ్బు పడితే మటుకు పాట సగంలో ఉన్నా సరే, ఆపి మీట దించెయ్యాలి. లేకపోతే పిడుగుకి మనమే దారి చూపించినట్టు అన్నాడు.

ఆ వరస మా ఆయనకు పట్టుబడలేదు. రెండో వారంలోనే ఒక బ్యాటరీ తీగ ఇంకోదాని చోట తగిలించి పెట్టెలోని గాజు వాల్వులన్నీ మాడ్చేశారు. అప్పుడు ఆ పని పెద్ద వదినకు అప్పగించారు. ఆవిడ మా ఆయనకు అక్క, పదిహేడేళ్లకే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. యాసిడ్ చుక్క పడితే బట్టకు చిల్లు పడుతుంది. మావి పట్టుచీరలు, ఆవిడది తెల్ల నూలు చీర, పోతే పోతుంది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

వదినకు మాత్రం అదే వరమైంది. ఎవరితోనూ పట్టుమని పది మాటలు ఆడని మనిషి, ఆ పెట్టె దగ్గర కూర్చుంటే మొహం విప్పారేది. అర్థం కాని బెంగాలీ పాటలు వంటింట్లో కూనిరాగాలు తీసేది. నాకా వరస చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది.

"ఈ కరకర ఇంటన్నావా పిల్లా? ఎక్కడో మెరుపు కొట్టింది. మనకి కనపడక ముందే పెట్టెకి తెలిసిపోద్ది. ఈ సప్పుడు ఎక్కువైతే ఇంక సూడకు, మీట దించీ."

"మీరున్నారు కదా వదినా, నాకెందుకు?"

"సుక్కురోరం నాను రాను కదా. నువ్వే సూసుకోవాల."

శుక్రవారం సంజె దీపం వేళ ఆవిడ ముందు గది గడప దాటకూడదు. ముందే వచ్చి రేడియో పెట్టి, లోపలికి వెళ్లిపోయి, గడప అవతల గోడకు ఆనుకుని వినేది. దీపం పెట్టాక గడియసేపు ఆ గదిలో దేన్నీ మూయకూడదు, ఆర్పకూడదు. తలుపులూ అంతే, పెట్టెలూ అంతే. అత్తగారు రేడియోని కూడా ఆ లెక్కలోనే వేశారు. మోగేదాని గొంతు నొక్కితే గుమ్మందాకా వచ్చిన లక్ష్మి వెనక్కి తిరిగి వెళ్లిపోతుందట.

ఆ వైశాఖ శుక్రవారం మగవాళ్లు కొట్లో ఉన్నారు. అత్తగారు గూట్లో దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నారు. పాట మధ్యలో కరకర మొదలైంది. బయట ఇంకా ఎండపొడ ఉంది.

గడప అవతల నుంచి వదిన అంది: "అమ్మా, పెట్టె ఆపాల. గాలివాన వస్తంది."

"దీపం ఇప్పుడే కదే ఎట్టినాను. నువ్వు లోపలికెల్లు."

కరకర పెరిగింది. గది చీకటి పడింది. వదిన ఈసారి నన్ను పిలిచింది. "నువ్వు దించీ పిల్లా. నీకు తెలుసు కదా."

తెలుసు. మీట నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను లేచాను. అత్తగారు నా వైపు చూశారు. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. మళ్లీ కూర్చుని గాజులు సవరించుకున్నాను. ఆ చూపంటే నాకు పిడుగు కన్నా ఎక్కువ భయం. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పాట పూర్తిగా మునిగిపోయి ఒట్టి కరకరే మిగిలింది. అప్పుడు వదిన గడప దాటింది. వరసా లేదు, ఏమీ లేదు, తిన్నగా కిటికీ దగ్గరికి పరిగెత్తి మీట పట్టుకుంది. గదంతా నీలంగా వెలిగింది. గోడ పెచ్చులూడి మా మీద పడ్డాయి. నేను కళ్లు తెరిచేసరికి వదిన నేల మీద ఉంది. కుడి అరచెయ్యి కాలిపోయింది, రెండు చెవుల్లోంచీ రక్తం కారుతోంది. మీట సగం దిగి ఉంది. ఆ సగమే మిమ్మల్ని బతికించిందని ఫిట్టరు తర్వాత అన్నాడు. గూట్లో దీపం మాత్రం ఆరలేదు.

చెయ్యి మానింది. చెవులు మానలేదు. ఇక వినపడదని డాక్టరు తేల్చేశాడు.

పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ అత్తగారు ఒకటే చెప్పారు. "దీపం ఏళ గడప దాటొద్దన్నాను. దాటింది. ఇంకేటవుద్ది?" మామగారు తల ఊపారు. వదిన మా మొహాలు ఒక్కొక్కటే చూసి, తన గొంతు తనకే వినపడక గట్టిగా అడిగింది: "ఏటంటంది అమ్మ?"

ఏమీ లేదని చెయ్యి ఊపాను.

రేడియో బాగుచేయించారు. ఆ పని నాకొచ్చింది. మెరుపు మెరిస్తే వదిన పెరట్లోంచి పరుగున వచ్చేది. వచ్చి గడప అవతలే ఆగి, కాలిన చెయ్యి కిందికి దించి చూపించేది. నేను వెంటనే ఆపి మీట దించేదాన్ని. శుక్రవారాలు కూడా, దీపం వేళ కూడా దించాను. అత్తగారు చూసేవారు, ఏమీ అనేవారు కారు. పిడుగు పడిన ఆ శుక్రవారం కూడా ఆవిడ నన్నేమీ అనలేదు. ఊరికే చూశారు.