తొమ్మిదో తరగతికి రెండు గదులు

మా బిడ్డలిద్దరూ ఒకే తరగతి చదివారు. కవలలు కారు. పెద్దది ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాకు మెడనొప్పి వచ్చి చేతులు లేవలేదు. బీడీలు చేసి ఇయ్యకపోతే కార్ఖానాలో నా పని కార్డు రద్దు చేస్తారు. అందుకని ఆకు, తంబాకు పెట్టుకునే నా చాట దాని ఒళ్లో పెట్టాను. ఏడాది పాటు నా పేరు మీద అదే బీడీలు చేసింది. తిరిగి బడికి పోయేసరికి చెల్లెతోని కలిసి ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. దానికి బాధేమీ అనిపించలేదు. లెక్కలు చెల్లెకు అదే చెప్పేది.

వాళ్లు తొమ్మిదిలోకి వచ్చిన ఏడు పెద్దసారు తల్లులందరినీ బడికి పిలిచాడు. ఖానాపూర్ దగ్గర మాది చిన్న ఊరు, సర్కారు హైస్కూలు. నేను రెండో తరగతితోనే ఆపేసినా, నోరు పెద్దదని నన్ను బడి కమిటీలో వేశారు. బాగా చదివే పిల్లలకు పరీక్ష పెట్టి, వేరే సెక్షన్ చేసి, గట్టిగా చదివిస్తామన్నాడు సారు. ఉన్న ఒక్క లెక్కల సారు వాళ్లకే చెబుతాడట.

"మరి మిగిలినోళ్ల సంగతేంది సారూ?" అని ఒకామె అడిగింది.

నాకే ఆగలేదు.

"ఏందక్కా, గంత పరేషాన్ అయితవు? ఆకు తడిపినంక ఏం జేస్తం మనం? మంచిది ఒకదిక్కు, చినిగింది ఒకదిక్కు పెడ్తలేమా? రెండు కలిపి కట్ట కడితే కార్ఖానాల మంచియి గూడ పారేస్తరు" అన్నాను.

అందరూ బీడీలు చేసేవాళ్లే. పకపకా నవ్వారు. "గీమె వకీలు కావాల్సింది" అన్నది ఒక ముసలామె. వరుసగా సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. నా బిడ్డలిద్దరూ మంచి దిక్కే ఉంటారని నా ధైర్యం.

పేర్లు గోడకు అతికించిన రోజు చిన్నదాని పేరు ఉంది. పెద్దదానిది లేదు. పోయిన ఏళ్ల పాఠాలే ప్రశ్నలన్నీ. ఆరో తరగతి నడుమ తెగిన బిడ్డకు ఎక్కడ ఏ ముక్క జారిపోయిందో ఎవరికి తెలుసు?

"పోనీ తీ అవ్వా. గిది గూడ గదే బడి గదా" అని అదే నన్ను ఊకోబెట్టింది.

వానకాలం పోయేసరికి ఇంట్లో మాటలు మారాయి. చిన్నది ఏదో లెక్క చేస్తుంటే పెద్దది వంగి చూసి, "గిదెట్ల వచ్చిందే?" అని అడిగింది.

"మీకు గిది చెప్పలేదా అక్కా?"

చిన్నదాని మాటలో ఎగతాళి లేదు. పెద్దది మాత్రం తన పుస్తకం మూసి పొయ్యి దగ్గరికి పోయింది.

ఒకనాడు మధ్యాహ్నం నేను కార్ఖానా నుంచి వచ్చేసరికి అది గడపలో చాట పెట్టుకుని ఉంది.

"బడి లేదా బిడ్డా?"

"ఉన్నది. మా దిక్కు లెక్కల పీరియడ్ ఖాళీనే. ఊకె కూసునే బదులు రెండు కట్టలయితయ్ గదా, అవ్వా."

లేచి బడికి పో అనాలి. అన్నాను కూడా. కానీ అప్పటికే దాని పక్కన కూర్చుని దారం అందుకున్నాను.

ఏళ్లు గడిచి ఇప్పుడు, మా బడిలో అటువంటి సెక్షన్లు ఇంకా పెట్టాలా అని కమిటీలో అడుగుతున్నారు. పెట్టాలనే అంటాను. చిన్నది పాలిటెక్నిక్ చదువుతున్నదంటే ఆ గది పుణ్యమే. ఆ గదిని నేను తిట్టలేను. కానీ రెండో గదికి సారు లేకుండా చేసిన సంతకాల్లో మొదటిది నాది.

అప్పట్లో, పెద్దది గడపలో చాట పట్టిన ఆ మధ్యాహ్నం తర్వాత మనసు ఊరుకోక పెద్దసారు దగ్గరికి పోయాను. "సారూ, గసొంటి సెక్షన్ ఇంకోటి పెట్టున్రి" అన్నాను.

"సార్లు ఏరమ్మా? మంచిది ఒకదిక్కు, చినిగింది ఒకదిక్కు అన్నది నువ్వే గదా?"

అయినా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఆయనకూ జాలేసిందేమో, పొద్దున బడి మొదలుకాక ముందు గంటసేపు లెక్కల సారుతో అందరికీ చెప్పిస్తానన్నాడు. ఎవరైనా రావచ్చు. ఉరుకుతూ ఇంటికి వచ్చి చెప్పాను.

"నేను ఎనకవడ్డ గదా, అవ్వా. నాకు సమజ్ అయితదా?" అన్నది పెద్దది.

"అయితది, పో బిడ్డా."

నాలుగు రోజులు చీకటితో లేచి, తల దువ్వుకుని పోయింది. ఐదో రోజు లేవలేదు. సారు ఏమన్నా అన్నాడా, పక్కపిల్లలు నవ్వారా, నిజంగానే అర్థం కాలేదా, నేను అడగలేదు. ఆ వారం కార్ఖానాలో ఆకు ఎక్కువ ఇచ్చారు. నాకు రెండో జత చేతులు కావాలి.