గురువారం క్యారేజీ

మొన్న మా తెలుగు సంఘం అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కాస్త తడబడుతూ వస్తుంది. “ఆంటీ, సిక్‌గా ఉన్నవాళ్ళకి ఫుడ్ పంపడం మీరే స్టార్ట్ చేశారంట కదా? స్టేజ్ మీద మీకు శాలువా కప్పుతాం,” అంది. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేసి, వంటింటి పై అరలోంచి నా మూడు గిన్నెల స్టీలు క్యారేజీ దింపాను. మూత మీద మా ఆయన పేరు చెక్కించింది మా అమ్మ. నేను అమెరికాలో తప్పిపోయినా క్యారేజీ తప్పిపోకూడదని కాబోలు.

ఎనభైల మొదట్లో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మేం ఏడెనిమిది తెలుగు కుటుంబాలం. అందరిలోకీ చిన్నది మా వెనక వీధి అపార్ట్‌మెంట్‌లో ఉండేది, నన్ను అక్కా అని పిలిచేది. ఆమెకి క్యాన్సరని తెలిసింది. ఆ మాట మాలో ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు, “ఒంట్లో బాగాలేదు” అనుకునేవాళ్ళం. నోటితో అనలేనిదంతా వంటలో చూపించాం. మొదటి వారం ఆ ఇంటికి ఒకే రోజు అయిదు సాంబార్లు చేరాయి. అప్పుడు నేను రంగంలోకి దిగి, ఆఫీసు గ్రాఫ్ కాగితం మీద ఎవరిది ఏ రోజో గళ్ళు గీశాను. మందుల వల్ల వాసన పడదు కనుక ఇంగువ పోపు వద్దని అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. నన్ను కలెక్టరుగారూ అని ఆటపట్టించేవారు. నిజం చెప్పాలంటే, నాకది బాగానే ఉండేది.

గురువారం నాది. ఆఫీసుకి వెళ్తూ క్యారేజీ గుమ్మంలో పెట్టి, బెల్ కొట్టి, తలుపు తీసేలోగా కారెక్కేసేదాన్ని. టైము లేదనేదాన్ని. టైము కాదు, భయం. జుట్టంతా పోయిన ఆమె తల చూడాలంటే భయం, చూసి ఏం మాట్లాడాలో తెలియని భయం. సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి కడిగిన క్యారేజీ వాళ్ళ గుమ్మంలోనే ఉండేది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, అందులో ఏదో ఒకటి పెట్టేది. ఓ వారం రెండు నిమ్మకాయలు, ఓ వారం గుప్పెడు పంచదార, ఇంట్లో ఏమీ లేని వారం ఆసుపత్రిలో ఇచ్చిన బిస్కెట్ల పొట్లం.

ఒక గురువారం చీటీ ఉంది. “అక్కా, కూర తేకపోయినా పర్లేదు. ఒక్క పది నిమిషాలు కూర్చుని వెళ్ళు.”

చదివి ఏడ్చాను. ఏడ్చి ఏం చేశానంటే, మరుసటి గురువారం తెల్లారకముందే లేచి పూర్ణాలు వండాను. ఆమె అడిగింది మనిషిని, నేను తీసుకెళ్ళింది పూర్ణాలు. ఎప్పటిలాగే బెల్ కొట్టి కారెక్కాను. అద్దంలో తలుపు తెరుచుకోవడం కనిపించింది. తలకి పువ్వుల స్కార్ఫ్ కట్టుకుని, గుమ్మం పట్టుకుని నిలబడి చెయ్యెత్తింది. నేనూ కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయాను. ఆ రోజు ఆఫీసులో నాకంత ముంచుకొచ్చిన పని ఏమీ లేదు.

ఆ సాయంత్రం వాళ్ళ గుమ్మంలో క్యారేజీ లేదు. మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. మళ్ళీ ఇంటికి రాలేదు. పది రోజులు పోయాక వాళ్ళాయన క్యారేజీ తెచ్చి నా చేతికిచ్చాడు. శుభ్రంగా కడిగి ఉంది. “ఖాళీగా ఇస్తున్నాను, ఏమనుకోకండి వదినగారూ,” అన్నాడు. లోపలికి రమ్మని కూడా అనకుండా, గుమ్మంలోనే అందుకుని పంపేశాను.

నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేసి శాలువా వద్దన్నాను. మీ లిస్టులో వండేవాళ్ళ పేర్ల పక్కన, లోపలికెళ్ళి కూర్చునేవాళ్ళకీ ఒక గడి గీయమన్నాను. “ష్యూర్ ఆంటీ, ఫస్ట్ ఎవరి పేరు రాయను?” అంది. నాదే రాయమన్నాను. నలభై ఏళ్ళు ఎలా గడిచిపోయాయో తెలియదు గాని, ఆ పది నిమిషాలు మాత్రం నాకింకా గడవలేదు.